మాగే పహా

అంకీసా బడిలో సిగ్నల్ ఒక్క చోటే దొరుకుతుంది,
నీళ్ల ట్యాంకు నిచ్చెన మూడో మెట్టు మీద.
అక్కడ కూర్చుని
యాభై రెండు జవాబు కాగితాలకు
ఒకదాని వెంట ఒకటి ఫొటోలు తీశాను.
పొద్దు గూకేలోపు
ఫోనే దిద్దింది, ఫోనే మార్కులు కూడింది,
పిల్లకో మాట మరాఠీలో రాసిచ్చింది.
నేను చేసిందల్లా
ఆ మాటల్ని ఎర్ర సిరాతో ఎత్తి రాయడం,
కింద పొట్టి సంతకం గీకడం.

ఆ రాత్రి తొందరగా పడుకున్నాను.
అబద్ధమెందుకు, హాయిగా నిద్రపట్టింది.

తెల్లారి జాడి సమత వచ్చింది.
ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ,
వేళ్ల మీద లెక్క మాత్రం ఏ భాషలో చేస్తుందో
ఎవరికీ తెలియని పిల్ల.
కాగితం బల్ల మీద పరిచి
నా ఎర్ర రాత మీదే వేలు పెట్టింది.
"ఛాన్ ప్రయత్న అని రాసినవ్ గద సార్,
ఇందుల ఏది మంచిగున్నది?"

వెక్కిరింత కాదు.
మంచిగున్నదేదో తెలిస్తే
మళ్లా అట్లనే రాద్దామని.

బెల్లు కొట్టాక చెప్తానమ్మా అనబోయాను.
నోరు రాలేదు.
ఆమె నిలబడి చూస్తుండగా
ఆ కాగితాన్ని అప్పుడు, మొదటిసారి, చదివాను.

వంతెన వల్ల లాభాలేవి? ఐదు మార్కులు.

దేవనాగరి గీతకు వేలాడుతూ మన మాటలు:
"వంతెన వచ్చినంక తాత పడవ బోర్ల వడ్డది.
అయినా ఏటేటా తారు పూస్తడు.
ఎందుకే అంటే పలుకడు.
పడవల ఎవలు ఏ పనికి వోతున్నరో
తాతకు ఎరుకుండె.
వంతెన ఎవల్నీ అడగదు."

ఫోను తీర్పు: విషయం దారి తప్పింది,
అక్షరదోషాలు పదకొండు,
చివర సంబంధం లేని రెండు మాటలు.
ఒకటిన్నర.

ఆ రెండు మాటలు మూలన, చీమంత:
మాగే పహా.
వెనక చూడు.

తిప్పాను.

"అమ్మకు నొప్పులొచ్చిన రాత్రి వాన.
పడవైతే తెల్లారేదాక ఆగాలె.
జీపు వంతెన మీదికెల్లి వోయింది.
అవతలి ఒడ్డు చేరినంక తమ్ముడు పుట్టిండు.
ఇది లాభం."

ఈ పేజీని ఫోను చూడలేదు.
నేను చూపలేదు.
దానికి చేతుల్లేవు,
తిప్పాల్సిన చేతులు నిచ్చెన మీద నావే.

ఒకటిన్నర కొట్టేసి కాసేపు ఆగాను.
అడిగింది లాభాలు, రాసింది ఒక్కటి.
నాలుగు వేశాను.
ఎక్కువిచ్చానా, తక్కువా?
ఆ సందేహం కూడా సంతకంతో పాటు నాదే.
"వంతెన ఎవల్నీ అడగదు" కింద గీత గీసి
ఇది మంచిగున్నది, అన్నాను.
"మరి తప్పులు?"
"ఉన్నాయి. పదకొండూ నిజమే. కూర్చో, దిద్దుకుందాం."

ఫోన్ని తిట్టి మూలన పడెయ్యలేదు.
కూడికలు ఇప్పటికీ దానివే.
పోయినేడు నేను చేత్తో వేసిన మార్కుల వరసల్లో
నలభయ్యో కాగితం నుంచి
నా చెయ్యి పిసినారిదవుతుందని పట్టిచ్చిందీ అదే.
అది చెప్పేది వింటాను.
విన్నాక చదువుతాను.

"యాదీ ఇంకా రాలేదేం?" అని
ఉందిర్వాడే గురూజీ ఆఫీసులోంచి కేకేశారు.
ఇంకా యాభై ఒకటి ఉన్నాయి సార్,
అన్నిటికీ వెనక ఉంది.

చాలా వాటికి వెనక ఏమీ లేదు.
ఒకదానికి ఎద్దు బొమ్మ, మూడు కాళ్లే.
ఒకదానికి నూనె మరక.
ఐదుకి ఐదొచ్చిన కాగితం, ఒక్క తప్పూ లేనిది,
దాని వెనక పెన్సిల్‌తో, చెరిపినా కనబడేట్టు:
"అన్న ఫోన్ల అడిగి బట్టీ వట్టిన."

దానికింకా ఏమీ వేయలేదు.
రేపు ఆ పిల్లగాణ్ని వెంటబెట్టుకుని
వంతెన దాకా నడిచి రావాలి.